ఉప్పు తిన్న కార్బొరేటర్

పూర్వం రాజులు యుద్ధానికి బయల్దేరే ముందు శంఖం ఊదేవారు. శ్రీకాకుళంలో తిరుమలరావు ఆదివారం ఇడ్లీ తిన్నాక జెట్టు ఊదుతాడు. శంఖం ఊదితే పది ఊళ్లకు వినిపించేది, జెట్టు ఊదితే పక్కింటికి కూడా వినిపించదు. ఆ ఒక్క తేడా తప్పిస్తే రెంటికీ గాంభీర్యం సమానమే. రాజుల శంఖాల గురించి శాసనాలున్నాయి, కావ్యాలున్నాయి. తిరుమలరావు జెట్టు గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. ఆ లోటు తీర్చడం అవసరం.

జెట్టు అంటే మోటారుసైకిల్ కార్బొరేటర్ లోపల ఉండే చిన్న ఇత్తడి మర. దాని నడిమధ్యన వెంట్రుక పట్టేంత కన్నం ఉంటుంది. పెట్రోలు ఆ కన్నంలోంచి పైకి వచ్చి, గాలితో కలిసి, ఇంజనుకు అందాలి. కన్నం పూడిపోయిందా, బండి ఎంత గొప్పదైనా బండి కాదు, ఇనప సామాను. తిరుమలరావు ఆ మరని పెదాల మధ్య పెట్టి బుగ్గలు పొంగించి ఊదుతాడు. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కన్నంలోంచి ఆకాశం చూస్తాడు. ఆకాశం కనిపిస్తే "ఊఁ" అంటాడు. కనిపించకపోతే ఏమీ అనడు.

ఈ అలవాటు ఏ కాలానిదో తేల్చడంలో పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. పండితులంటే ఇద్దరే, తిరుమలరావు, ఆయన భార్య జగ్గమ్మ. పెళ్లయిన కొత్తలో ఆయన బండి నాగావళి వంతెన నడిమధ్యన ఆగిపోయిందనీ, వెనక ఆగిన బస్సు హారన్ల మధ్య అందులోంచి ఒక మెకానిక్ దిగి కార్బొరేటర్ విప్పి ఊది చూపించాడనీ, ఆ క్షణంలోనే తనకు జ్ఞానోదయమైందనీ తిరుమలరావు వాదం. జగ్గమ్మ వాదం పొట్టిది. "ముందరి నించీ అంతే" అంటుంది.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన మనిషి ఆయన. ఉద్యోగకాలంలో ఏ ఫైలునూ ఇంత శ్రద్ధగా విప్పలేదని ఆయన శత్రువులు అంటారు. మిత్రులు కూడా అదే అంటారు, కాకపోతే అన్నాక తమ కార్బొరేటర్ చేతిలో పెడతారు. కొత్త బండ్లకు కార్బొరేటర్లే లేవు. షాపుల్లో కుర్రాళ్లు పాతవాటిని విప్పడానికి ఇష్టపడరు. అంచేత ఊళ్లో ఉన్న పాత రాజ్‌దూత్‌లు, యెజ్డీలు, మూలుగుతున్న మోపెడ్లు, వాటిని వదల్లేని ముసలివాళ్లు అందరూ వరసగా ఆయన గుమ్మం ముందుకే చేరతారు. ఆయన డబ్బు తీసుకోడు. వాళ్లు కొబ్బరికాయలో వంకాయలో ఇచ్చి వెళ్తారు.

అంతా బాగానే ఉండేది గానీ, తిరుమలరావు అలసిపోయాడు. ఒక పని వల్ల కాదు, ఆ పని ఎప్పటికీ అయిపోకపోవడం వల్ల. పీట మీద కూర్చుంటే నడుము లేవనివ్వదు. లేస్తే మళ్లీ కూర్చోనివ్వదు. రేషన్లో కిరసనాయిలు ఆగిపోయిన దగ్గర్నుంచీ పెట్రోలుతోనే కడగాల్సి వచ్చి, చేతివేళ్లు ఎండు చేపల్లా పగిలిపోయాయి. అన్నం ముద్ద కూడా పెట్రోలు వాసన వేసేది. అన్నిటికన్నా పెద్ద బాధ కుడి కన్ను. ఈ మధ్య దానికి ఆకాశం సరిగ్గా కనిపించడం లేదు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆకాశం కనిపించకపోయినా "ఊఁ" అనడం మొదలుపెట్టాడు.

ఈ దశలో ఆయన ఒక చారిత్రక ప్రకటన చేశాడు.

"ఈ దసరాకి సామాన్లకి ఆయుధపూజ సేసీసి, పెట్లో ఎట్టీసి, అటకెక్కించీస్తాను. ఇంక నా వల్ల కాదు."

"నిరుడూ అదే సెప్పేరు" అంది జగ్గమ్మ, చింతపండు తీస్తూ. ఆ ఇంట్లో చారుకన్నా ఇత్తడి జెట్లకే చింతపండు ఎక్కువ ఖర్చు.

"నిరుడు సెప్పడం వేరు. ఇప్పుడు సెప్పడం వేరు."

"వేరేటి? నిరుడు నడుం మీద సెయ్యేసి సెప్పేరు. ఇప్పుడు రెండు సేతులూ ఏసి సెప్తన్నారు."

సింహాసనం విడిచే రాజుకు కనీసం ఏడ్చేవాళ్లుంటారు. తిరుమలరావుకు ఆ భాగ్యం కూడా లేదు. అయినా ఆయన నిర్ణయం మారలేదు. దసరా పాడ్యమి నాడు పొద్దున్నే గుమ్మంలో బావ జగన్నాధం నిలబడేవరకు మారలేదు.

జగన్నాధం జగ్గమ్మకు అన్న. వాళ్ల తల్లిదండ్రులు జగన్నాథస్వామి మీద భక్తితోనో, పేర్ల విషయంలో పొదుపుతోనో, ఇద్దరికీ ఒకే పేరుని పంచి పెట్టారు. ఆయన నౌపడలో ఉప్పుమడుల దగ్గర మేస్త్రీగా పనిచేసి మానేసినవాడు. చేతిలో స్టీలు క్యారేజీ ఉంది.

"ఏటి బావా, క్యారేజీతో వచ్చేవు? మా ఇంట్లో కూడు దొరకదనేటి?" అన్నాడు తిరుమలరావు.

"పై గిన్నిలో జీడిపప్పు, నా సెల్లికి. కింద గిన్ని నీకు. ముందర నీది తియ్యి."

తిరుమలరావు కింద గిన్నె మూత తీసి చూశాడు. మళ్లీ పెట్టేశాడు.

"ఏటిది?"

"కార్బేటరు."

"నువ్వు సెప్పేవు గనక నమ్ముతన్నాను. నాను సున్నం గడ్డనుకున్నాను."

అది జగన్నాధం రాజ్‌దూత్‌ది. ఉప్పుమడుల గట్ల మీద ఏళ్ల తరబడి తిరిగి, ఆ తర్వాత ఆయనతో పాటే పని మానేసి, ఇంటి వసారాలో నిలబడిపోయిన బండి. నౌపడ గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ గాలి తగిలిన లోహం మీద తెల్లటి బూజులాంటిది పట్టి, మరలను మింగేస్తుంది. ఆ బండి జీవితమంతా ఉప్పు తిన్నది. విశ్వాసం మాత్రం చూపలేదు.

"ఇప్పుడు దీనితో ఏటి పని బావా? నువ్వు ఎక్కి ఎన్నాళ్లయినాది?"

జగన్నాధం చెల్లెలిచ్చిన కాఫీ సగం తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"మా కోడలు కుట్టు మిషను కొనుక్కున్నాది. దుర్గాభవాని కుట్టిందంటే ఊళ్లో మంచి పేరే ఉన్నాది. వసారాలో వెలుగు బాగుంటాది, అక్కడ ఏసుకుంటానన్నాది. అక్కడేమో బండి ఉన్నాది. 'మిషను ఎక్కడ ఎయ్యాల మావయ్యా, బండి మీదేటి?' అనడిగింది. తప్పు మాట కాదు కదా! నానేటి సెప్తాను? పాత ఇనుం కొనేవోడితో మాట్టాడీసింది. దశిమి మర్నాడు, ఏకాశి నాడు, ట్రాలీ ఆటో ఏసుకొని వస్తాడు."

"మరి నువ్వేటన్నావు?"

"నడిసే బండిని ఇనుం సామాన్లోడికి ఇస్తారేటమ్మా అన్నాను. 'నడిస్తే ఉంచుకోండి. దశిమి నాడు పూజ సేసి సప్పుడు వినిపించండి, మిషను నా గదిలోనే ఏసుకుంటాను, మరి మాటాడను' అన్నాది. దానిది ఒకటే మాట. అంచేత..."

"అంచేత నా పీకల మీదికి తెచ్చేవు."

"మరెవల దగ్గరికి ఎల్తాను?" జగన్నాధం గ్లాసులో మిగిలిన కాఫీ వైపు చూశాడు. "ఇల్లు కొడుకు కట్టించుకున్నాడు. టీవీ వోళ్లదే, మంచాలు వోళ్లవే. ఆ ఇంట్లో నాను కొన్న వస్తువు అదొక్కటే ఉన్నాది బావా."

తిరుమలరావు గిన్నె మూత మళ్లీ తీశాడు. ఆయన సింహాసన పరిత్యాగం ఆ విధంగా వాయిదా పడింది. జగ్గమ్మ చింతపండు ఇంకో గుప్పెడు నానబెట్టింది.

నవరాత్రుల్లో ఊరంతా అమ్మవారి అలంకారాలు చూస్తుంటే తిరుమలరావు కార్బొరేటర్ని చూస్తూ కూర్చున్నాడు. ఉప్పుకు మందు వేడినీళ్లే. మొదట దాన్ని వేడినీళ్లలో నానబెట్టాడు. నీళ్లు చల్లారితే పారబోసి మళ్లీ పోశాడు. బాలింతకు కూడా జగ్గమ్మ అన్ని నీళ్లు కాచలేదు. తెల్ల బూజు మెత్తబడ్డాక కుంకుడురసం పోసి, అరిగిన టూత్‌బ్రష్‌తో తోమాడు. మరలు కదల్లేదు. చుక్క చుక్క నూనె పోసి, స్క్రూడ్రైవరు పిడి మీద పప్పుగుత్తితో తట్టి, మంచి మాటలు చెప్పి, చెడ్డ మాటలు చెప్పి, చివరికి ఏమీ చెప్పకుండా కూర్చుంటే, ఒక మర దానంతట అదే కిర్రుమంది. ప్రభుత్వ కార్యాలయంలో పనులు అయ్యే పద్ధతి అదే గనక ఆయన ఆశ్చర్యపోలేదు.

లోపల పాత పెట్రోలు తారులా గడ్డకట్టి ఉంది. దాన్ని గీకాడు. ఇత్తడి జెట్లను చింతపండు రసంలో వేసి తీశాడు. జెట్టు కన్నంలో ఇనప తీగ పెట్టకూడదు, కన్నం అరిగి పెద్దదవుతుంది. పాత కరెంటు వైరు ఒలిచి, అందులోంచి సన్నటి రాగిపోగు ఒకటి తీసి, దాన్ని కన్నంలోంచి దూర్చాలి. కన్ను ఆనని మనిషికి ఆ పోగు, ఆ కన్నం కలుసుకోవడం అంటే సముద్రంలో రెండు పడవలు కలవడమే. ఒక పూటంతా అవి కలవలేదు. మర్నాడు ఎండలో కూర్చుంటే కలిశాయి. ఊదాడు. ఆకాశం వైపు చూశాడు. ఏదో తెల్లగా కనిపించింది. అది ఆకాశమే అయి ఉంటుందని నిశ్చయించి "ఊఁ" అన్నాడు.

నవమి నాటి మధ్యాహ్నానికి కార్బొరేటర్ మొత్తం బిగించడం అయిపోయింది. ఇత్తడి భాగాలు బంగారంలా, మిగతా ఒళ్లు కొత్త వెండిలా మెరుస్తున్నాయి. తిరుమలరావు దాన్ని పళ్లెంలో పెట్టి, గుడ్డ కప్పి, పులిహోర తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున నౌపడ రైలు. అంతవరకు తనను ఎవరూ లేపకూడదని ఆజ్ఞాపించాడు. ఎవరూ లేపలేదు. అదే కొంపముంచింది.

చీకటి పడే వేళకు లేచి వసారాలోకి వచ్చేసరికి అగరొత్తుల పొగ. పీట మీద ముగ్గు. ముగ్గు చుట్టూ ఆయన స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, అరిగిన టూత్‌బ్రష్, పప్పుగుత్తి, అన్నిటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు. నడిమధ్యన, బంతిపూల దండతో, ఉత్సవ విగ్రహంలాగ, కార్బొరేటర్.

"జగ్గీ, ఇదేటే?"

"ఆయుధపూజ. సామాన్లకి పూజ సేసీసి అటకెక్కించీస్తానని మీరే కదా సెప్పేరు."

"సామాన్లకన్నాను. ఇది సామాను కాదే. పేషంటు."

"ఏటో, తళతళలాడతన్నాది. నడిమిన ఎట్టేను. అన్నయ్యది కదాని రెండు బొట్లు ఎక్కువే ఎట్టేను." జగ్గమ్మ కొంచెం సందేహంగా చూసింది. "దానికి నుదురు ఎక్కడో తెలిసింది కాదు. కన్నం ఎక్కడుంటే అక్కడ ఎట్టీసేను."

తిరుమలరావు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఆయనకు కోపం రాలేదు. కోపానికి కూడా కొంత ఓపిక కావాలి.

అసలు గొడవ మర్నాడు పొద్దున వచ్చింది. పూజలో పెట్టిన వస్తువును దశమి సాయంత్రం దాకా కదపకూడదని జగ్గమ్మ పట్టు. వాళ్ల పుట్టింటి ఆచారం అది. నాగలిని పూజలో పెడితే ఆ రోజు ఆకాశం విరిగి వాన పడినా దుక్కి దున్నరు.

"మీరేటి సెప్పినా నాను కదపనివ్వను. అరిష్టం."

"దశిమి సాయంకాలం దాకా నువ్వు కదపనివ్వకపోతే, ఏకాశి పొద్దున బండిని ఇనుం సామాన్లోడు కదిపీస్తాడే. ఆలోసించుకో. మీ అన్నయ్యదే."

జగ్గమ్మ ఆలోచించింది. ఆచారం ఒకవైపు, అన్న ఒకవైపు. చివరికి కార్బొరేటర్ ముందు చెంపలేసుకొని, దాన్ని వేలితో ఉత్తరం వైపు ఇంత జరిపి, "క్షమించు తల్లీ, మళ్లీ రా" అని ఉద్వాసన చెప్పి, భర్త చేతిలో పెట్టింది. వినాయకుడికి చెప్పే ఉద్వాసన కార్బొరేటర్‌కు చెప్పిన సందర్భం మన వాఙ్మయంలో మరొకటి కనిపించదు.

తిరుమలరావు తడిగుడ్డతో పసుపు, కుంకుమ తుడిచాడు. తలకిందులు చేసి దులిపాడు. అక్షింతల గింజలు రెండు రాలాయి. మొత్తం మళ్లీ విప్పి చూస్తే మంచిదన్న ఆలోచన ఒకటి వచ్చింది. నడుము ఆ ప్రతిపాదనను తిరస్కరించింది. కన్ను ఆ తిరస్కారాన్ని బలపరిచింది. కార్బొరేటర్ని క్యారేజీ కింద గిన్నెలో పెట్టుకొని ఆయన రైలెక్కాడు.

నౌపడలో దిగేసరికి ఎండ ముదిరింది. ఉప్పుకుప్పలు కళ్లలో గుచ్చుకుంటున్నాయి. ఇంటి ముందు జగన్నాధం అప్పుడే కడిగిన రాజ్‌దూత్‌ని తుడుస్తున్నాడు. బండికి మామిడాకులు కట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి. కోడలు దుర్గాభవాని గుమ్మంలో ముగ్గు వేస్తోంది. కొత్త కుట్టుమిషను అట్టపెట్టెలోనే గోడవార కూర్చొని, న్యాయస్థానంలో వాది లాగ ఎదురుచూస్తోంది.

"రండి చిన్నాన్న. పిన్ని రానేదా?" అంది దుర్గాభవాని. గొంతులో పగ లేదు. పందెం పందెమే, మర్యాద మర్యాదే.

కొడుకు పృథ్వీరాజ్ బయటకు వచ్చాడు. అతను ఆ ఇంట్లో ఎవరి పక్షమూ కాదు. రైల్వేగేటు లాంటి మనిషి, ఎప్పుడు లేవాలో ఎప్పుడు దిగాలో ఎవరో ఒకరు చెప్పాలి.

కార్బొరేటర్ బిగించారు. కొత్త ప్లగ్గు వేశారు. పెట్రోలు పోశారు. హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టి, జగన్నాధం హ్యాండిలు పట్టుకొని నిలబడ్డాడు. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడే చుట్టంలాగ.

"కొట్రా" అన్నాడు కొడుకుతో.

పృథ్వీరాజ్ కిక్కు కొట్టాడు. బండి ఒకసారి దగ్గింది. మళ్లీ కొట్టాడు. ఆ దగ్గు కూడా లేదు. చొక్కా విప్పి కొట్టాడు. చుట్టుపక్కల వాళ్లు గుమిగూడి సలహాలివ్వడం మొదలుపెట్టారు. ఒకడు వెనక్కి తొయ్యమన్నాడు, ఒకడు ముందుకు తొయ్యమన్నాడు. ఎదురింటి కూర్మమ్మ దిష్టి తియ్యమంది. తిరుమలరావు కూడా పంచె ఎగ్గట్టి తన వంతు కొట్టాడు. మూడో కిక్కుకే నడుం పట్టుకొని దిగిపోయాడు.

"విప్పాల" అన్నాడు.

కార్బొరేటర్ మళ్లీ బయటకు వచ్చింది. అడుగున పెట్రోలు నిలిచే గిన్నె మర విప్పి, పళ్లెంలోకి వంచాడు. పెట్రోలు ఎర్రగా కారింది.

జగన్నాధం ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఓర్నాయనో! రగతం కారతన్నాదేటి బావా?"

"రగతం కాదు. నీ సెల్లెలి భక్తి."

పెట్రోలు గొట్టం తగిలించే మూతి దగ్గర జగ్గమ్మ పెట్టిన బొట్టు, తడిగుడ్డతో తుడిచినప్పుడు సగం లోపలికి పోయింది. పెట్రోలు దాన్ని తీసుకెళ్లి గిన్నెలో కలిపింది. గిన్నెలోంచి అది అన్నిటికన్నా సన్నపు జెట్టులోకి దూరి మేట వేసింది. సంగతి క్షణంలో అర్థమైంది. అర్థం కావడానికి కళ్లతో పనిలేదు. బాగు చెయ్యడానికే ఉంది.

ఆయన జెట్టు ఊడదీసి ఊదాడు. పెదాలు ఎర్రబడ్డాయి. కిళ్లీ వేసుకున్నట్టుందని ఎవరో నవ్వారు. ఎండ వైపు పెట్టి చూశాడు. మసక. ఇంకో కంటితో చూశాడు. అదీ మసకే. రాగిపోగు శ్రీకాకుళంలో ఉంది, పూజలో. ఆయన చేతిలోంచి జెట్టు జారి ఇసకలో పడితే అందరూ వంగి వెతికారు. దొరికింది.

తిరుమలరావు మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు జెట్టు అరచేతిలో పెట్టుకొని చూశాడు.

"అవ్వదు బావా" అన్నాడు మెల్లగా. "నాకు కన్ను ఆనడం నేదు. ఈ ఏడంతా ఆనడం నేదు. ఉత్తినే ఊఁ అంటన్నాను."

గుమిగూడినవాళ్లు ఒక్కొక్కరే కదిలి వెళ్లిపోయారు. పండగ పూట ఇలాంటివి చూడటం ఎవరికీ ఇష్టం ఉండదు.

జగన్నాధం తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పోనీలే, ఒగ్గీ. నువ్వేటి సేస్తావు? కన్నే మాట ఇననప్పుడు బండేటి ఇంటాది. నెగు, అన్నం తిందాం."

లేచి, చక్రాల కింద పెట్టడానికి తెచ్చిన నిమ్మకాయలు ఏరి, తుండుగుడ్డలో మూట కట్టాడు. "సారులోకి పనికొస్తాయి" అన్నాడు ఎవరితోనో. బండి హ్యాండిలుకు కట్టిన మామిడాకుల ముడి విప్పడానికి చెయ్యి పెట్టాడు. ముడి రాలేదు. అక్కడే అలా నిలబడిపోయాడు.

గుమ్మంలోంచి దుర్గాభవాని ఇదంతా చూస్తోంది. కొంగు నడుముకు దోపుకొని మెట్లు దిగింది.

"ఇటు ఇయ్యండి చిన్నాన్న."

"ఏటి?"

"ఆ మేకు."

"నీకెందుకమ్మా ఇది?"

"పొద్దస్తమానం సూదిలో దారం ఎక్కించినదాన్ని. ఈ కన్నమెంతేటి?" జెట్టు అందుకొని ఎండకెదురుగా పెట్టింది. "మొత్తం మూసుకుపోనాది. సూది ఎట్టనా?"

తిరుమలరావు ఉలిక్కిపడ్డాడు. "సూది ఒద్దమ్మా! ఉక్కు తగిలితే కన్నం పెద్దదైపోతాది. మెత్తనిది కావాల. కానీ వంగకూడదు."

"మెత్తగుండాల, వంగకూడదు." దుర్గాభవాని మామగారి వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో నైలాను టంగూసు దారం ముక్క ఉంది. ఎదురింటి కూర్మమ్మ పూసల దండ గుచ్చడానికి తెచ్చిచ్చిన సన్నపు రకం. కొస కత్తెరతో ఏటవాలుగా కత్తిరించింది. పెట్రోల్లో జెట్టు ముంచి, టంగూసు దూర్చి, వేళ్ల మధ్య తిప్పింది. రెండోవైపు నుంచి ఎర్రటి చుక్క ఒకటి బయటకు వచ్చింది. దాని వెనకే టంగూసు కొస.

పృథ్వీరాజ్‌కు ఆలస్యంగా ఏదో తోచింది. "ఏయ్, నువ్వే బాగు సేసీస్తే మిషను ఎక్కడ ఏసుకుంటావే?"

"నువ్వు ఊరుకో. పెద్దోలిద్దరూ పండగ పూట అలగ కూకుంటే కూడు ఎవలు తింటారు? పప్పు సల్లారిపోతన్నాది." జెట్టు తిరుమలరావు చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఊదండి. నాను సూసి సెప్తాను."

ఆయన ఊదాడు. ఆవిడ చూసింది.

"కనిపిస్తన్నాది" అంది.

మళ్లీ బిగించారు. జగన్నాధం మూట విప్పి నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాడు. పృథ్వీరాజ్ కిక్కు కొట్టాడు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి బండి గొంతులో ఏదో గరగరమంది. మూడోసారి ఒక్కసారిగా గర్జించింది. సైలెన్సర్లోంచి తెల్లటి పొగ బయటకొచ్చి వసారాను, అట్టపెట్టెలోని కుట్టుమిషనును, పప్పుగిన్నెను, దుర్గాభవాని వేసిన ముగ్గును సమానంగా కప్పేసింది. వీధిలో కుక్కలు మొరిగాయి. వెళ్లిపోయినవాళ్లంతా మళ్లీ వచ్చారు. బండి నడుస్తుందని తమకు ముందే తెలుసన్నారు.

జగన్నాధం స్టాండు మీద ఉన్న బండి ఎక్కి కూర్చున్నాడు. యాక్సిలరేటరు తిప్పాడు. వదిలాడు. మళ్లీ తిప్పాడు. పొగలోంచి ఏదో అరుస్తున్నాడు గానీ చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. ఆయన ముఖం చూస్తే, గట్ల మీద ఉప్పుబస్తాల లెక్కలు అరిచిన మేస్త్రీ మళ్లీ డ్యూటీలోకి వచ్చినట్టుంది. నౌపడకు రైలు వచ్చిన రోజున కూడా ఊరు అంత చప్పుడు విని ఉండదు.

దుర్గాభవాని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, భర్తను పిలిచి, అట్టపెట్టెను రెండో కొస పట్టమంది. ఇద్దరూ కలిసి మిషనును లోపలి గదిలోకి మోసుకుపోయారు. ఆ గదిలో కిటికీ ఒక్కటే, అదీ చిన్నది. అయినా ఆవిడ అన్నం వడ్డించేటప్పుడు మామగారి విస్తట్లో నెయ్యి ఎప్పటిలాగే వేసింది.

తిరుగు రైల్లో తిరుమలరావుకు కిటికీ దగ్గర చోటు దొరికింది. ఇన్ని రోజుల అలసట ఒక్కసారిగా మీద పడింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటినట్టు ఆయనకు తెలియదు. పొందూరు దాటినట్టూ తెలియదు. చీపురుపల్లిలో టీ అమ్మేవాడు మోకాలు తగిలించి పోతే మెలకువ వచ్చింది. దిగి, బెంచీ మీద కూర్చొని, వెనక్కి వెళ్లే రైలు కోసం ఎదురుచూస్తూ, ఇంటికి ఫోన్ చేశాడు.

"బండి నడిసిందా?" అంది జగ్గమ్మ.

"నడిసింది."

"నా పూజే" అంది జగ్గమ్మ.

తిరుమలరావు ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్లి కన్ను చూపించుకున్నాడు. శుక్లం ముదిరిందన్నారు, చలికాలంలో ఆపరేషన్‌కు రమ్మన్నారు.

దీపావళి ముందు ఒకరోజు బావకు ఫోన్ చేశాడు.

"బండి ఎలగున్నాది బావా?"

"పులి! ఆదోరం ఆదోరం పిల్లడు కిక్కు కొడతాడు. కాసేపు సప్పుడు ఇని ఆపీస్తాం. మా కోడలు సీటుకి కొత్త కవరు కుట్టింది. ఎర్రది."

"బాగున్నాది. బజారుకి దాని మీదే ఎల్తన్నావా మరి?"

"బజారుకేటి బావా" అన్నాడు జగన్నాధం. "బజారుకి ఆటో ఇంటి ముందుకే వస్తాది కదా."